క్రేన్లు లేని ఊరిలో క్రేన్ ఆపరేటర్లు

పదకొండు నెలల కాంట్రాక్టు మీద పనిచేసేవాడు ప్రతి పన్నెండో నెలలో రిటైరవుతాడు. ఆ లెక్కన ముప్పై ఒక్క ఏళ్లకే నేను నాలుగుసార్లు పదవీ విరమణ చేశాను. ఒక్కసారీ ఎవరూ శాలువా కప్పలేదు గానీ, అనుభవం గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత మాత్రం వచ్చిందనే అనుకుంటున్నాను.

మొన్న నేను చదివిన పాలిటెక్నిక్‌లో ఆఖరి ఏడాది విద్యార్థులతో మాట్లాడమని పిలిచారు. ఒక అమ్మాయి లేచి, మ్యాపింగ్ పనిలో అన్నిటికంటే కష్టమైనది ఏదని అడిగింది. అక్కడ రెండు సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు చెప్పాలంటే ఒక ఊరిని నేను పట్టణం చేసిన సంగతి చెప్పాలి. దానికి ఆ రోజు టైమూ చాలలేదు, ధైర్యమూ చాలలేదు. తీరిగ్గా ఇప్పుడు రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. తప్పు నాది కాబట్టి ఇంకొకరి పేరుతో పని లేదు.

మూడు నాలుగేళ్ల కిందటి మాట. జగిత్యాలలో ఒక విత్తనాల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు ఉండేది. నగరాల ప్రణాళికలు తయారుచేసే ఒక ప్రైవేటు సంస్థకు అది చిన్న శాఖ. నేను, మా టీం లీడర్ సారు, ఇద్దరు సర్వే పిల్లలు, ఒక జీపు, దాని డ్రైవరు. సారు సర్వే శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి నిజంగానే రిటైరైన మనిషి. ఆయనకు ఇష్టమైనవి రెండు: అల్లం టీ, ఒక్కసారికే ముగిసే పని. ఇష్టం లేనిది ఒక్కటే: వెళ్లిన ఊరికి మళ్లీ వెళ్లడం.

మాకు అప్పగించిన పని ఇది. ఒక పట్టణం చుట్టూ ఉన్న ఊళ్లలో ఏవి ఇంకా ఊళ్లుగానే ఉన్నాయో, ఏవి పట్టణంగా మారిపోయాయో తేల్చాలి. మారిపోయినవాటి పేర్లు ఒక జాబితాలో చేరతాయి. ఆ జాబితాలోని ఊళ్లను మున్సిపాలిటీలో కలపాలా వద్దా అన్నది పైవాళ్లు నిర్ణయిస్తారు. ఊరు ఎక్కడ ఆగుతుందో, పట్టణం ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి జనాభా లెక్కలవాళ్లు వాడే మూడు పరీక్షలనే మా సంస్థా తీసుకుంది. జనాభా ఐదు వేలకు తగ్గకూడదు. చదరపు కిలోమీటరుకు కనీసం నాలుగు వందల మంది ఉండాలి. పనిచేసే మగవాళ్లలో నాలుగింట మూడొంతులు సేద్యం కాని పనుల్లో ఉండాలి. మూడూ పాసైతే పట్టణం. ఒక్కటి తప్పినా ఊరే.

నాకు ఆ నిబంధన ఎంతో నచ్చింది. నాకు జాబితాలంటే ఇష్టం. మా అమ్మ కూరగాయలు తెమ్మంటే అక్షరక్రమంలో రాసుకుని వెళ్లేవాణ్ణి. పుస్తకాల్లో చదివినదంతా ఆ మూడు వాక్యాల్లో ఇమిడిపోయినట్టు అనిపించింది. మనిషి గింజ నాటడం నేర్చాడు. తిన్నాక గింజ మిగిలింది. మిగిలిన గింజ తిని కొందరు కుండలు చేశారు, కొందరు గుడ్డలు నేశారు, కొందరు లెక్కలు రాశారు. అలాంటివాళ్లు ఒక చోట గుమికూడితే పట్టణమైంది. సేద్యం చేసేవాళ్లు తగ్గి మిగతావాళ్లు పెరిగితే ఊరు పట్టణం వైపు జరుగుతున్నట్టు లెక్క. ఇంత తేలిక విషయానికి ఇన్నేళ్లు ఇంతమంది ఎందుకు తలలు పట్టుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఇంటింటి సర్వేకు ఫారం తయారుచేసే పని సారు నాకిచ్చారు. పై ఆఫీసు పంపిన ఫారం ఫోన్‌లో మూడు తెరలు పట్టేది. ఒక్క తెరకు కుదిస్తే ఇంటికి నాలుగు నిమిషాలు మిగులుతాయని లెక్కగట్టాను. ఒక్కో ప్రశ్ననూ పట్టుకుని ఇది లేకపోతే నష్టమేమిటని అడిగాను. చివర ఒక గడి మిగిలింది: ‘పనిచేసే చోటు’. ఊళ్లో ఉన్నవాళ్లనే కదా అడుగుతాం, చోటు మళ్లీ అడగడం ఎందుకు అనుకుని దాన్ని తీసేశాను. ఫారం ఒక్క తెరలోకి వచ్చింది. సారు చూసి, ముప్పై ఏళ్లలో ఇంత పొట్టి ఫారం చూడలేదని మెచ్చుకుని తన వంతు టీ కూడా నాకే ఇచ్చారు.

కోరుట్లలో ఒక గది తీసుకుని అక్కడి నుంచి రోజూ ఊళ్లకు వెళ్లేవాళ్లం. నేను చెప్పబోయే ఊరు అక్కడికి జీపులో అరగంట. వరి, పసుపు, మక్క పండిస్తారు. ప్రధాన వీధిలో రెండంతస్తుల ఇళ్లు వరుసగా ఉంటాయి, ముందు పాలరాయి మెట్లు, పైన స్టీలు రెయిలింగు. ఎండాకాలం కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపేవాళ్లం. పన్నెండు రోజుల్లో ముగించాం.

ప్రతి ఇంట్లో తలుపు తీసేది ఆడమనిషే. నేను అడిగే ప్రశ్నలు అయిదు. ఇంట్లో ఎంతమంది, మగవాళ్లెంతమంది, ఇంటి పెద్ద పనేమిటి, మిగతావాళ్ల పనేమిటి, ఇల్లు సొంతమా కాదా. మూడో ప్రశ్నకు వాళ్లు తడుముకోకుండా చెప్పేవాళ్లు. మా ఆయన క్రేన్ నడుపుతడు. మా ఆయన ఏసీ మెకానిక్. మా పెద్దోడు మాల్‌ల పని. మా ఆయన సెంట్రింగ్. నేను రాసుకుంటూ పోయాను. ఒకామె తన భర్త విమానాశ్రయంలో సామాన్లు ఎక్కిస్తాడని చెప్పింది. ‘రవాణా రంగం’ అని నొక్కి పక్కింటికి వెళ్లాను. ఆ ఊరికి దగ్గరలో విమానాశ్రయం ఏదని నాకు నేను అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు కదా.

మా డ్రైవరు తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాడు. ధర్మపురి వైపు మనిషి, మాట తక్కువ. ఆరో రోజు జీపులో నేను ఆనాటి వివరాలు చదువుకుంటుంటే అద్దంలోంచి నన్ను చూశాడు.

“సార్, ఇంతమంది క్రేను నడిపేటోళ్లున్నరు గద. గీ ఊళ్లె లేపేదేమున్నది?”

నేను నవ్వి, అభివృద్ధి అలాగే ఉంటుందని చెప్పాను. అతను గేరు మార్చాడు. అనుభవజ్ఞులు ఒకసారే చెబుతారని, అది కూడా ప్రశ్నలాగే చెబుతారని తర్వాత తెలుసుకున్నాను.

ఆ ఊళ్లోనే మేట్ అక్కను కలిశాను. ఉపాధి హామీ పనిలో కూలీల హాజరు వేసి, కొలతలు చూసే బాధ్యత ఆమెది. నలభై ఏళ్లుంటాయి. ఊరి చివర చిన్న చర్చి పక్క వాడకట్టులో ఉంటుంది. వాళ్లకు భూమి లేదు. వరినాట్లకు, కలుపుకు, పసుపు తవ్వడానికి ఇతరుల చేన్లకు వెళ్తారు. చేన్లలో పని లేని ఎండాకాలం రెండు నెలలూ కాలువ పూడిక, చెరువు మట్టి, ఆ ఉపాధి పనే ఆధారం. ఊళ్లో దాన్ని కరువు పని అంటారు. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె నా ప్రశ్నలకంటే ముందు తన ప్రశ్న వేసింది.

“గీ రాసుకునుడు దేనికి సారూ?”

ఊరు పట్టణమైందో లేదో చూడటానికని చెప్పాను.

“పట్నమైతే మాకు ఈ పని ఉంటదా, పోతదా? గదొక్కటి చెప్పు.”

ఉపాధి హామీ పని గ్రామ పంచాయతీలకే. మున్సిపాలిటీలో కలిసిన ఊరికి అది ఉండదు. నాకు తెలుసు. అయినా అది మా పరిధిలోకి రాదన్నాను. ఆ మాట నేను పై ఆఫీసు వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. పరిధి అంటే ఎంత దూరమని ఆమె అడిగింది. నేను ఆమె భర్త పనేమిటని అడిగాను. సౌదీలో మేస్త్రీ అని చెప్పింది. సౌదీ అన్న మాటకు ఫారంలో గడి లేదు. ‘నిర్మాణ రంగం’ అని నొక్కాను.

జగిత్యాలకు తిరిగొచ్చి వివరాలన్నీ కూడి లెక్కగట్టాను. జనాభా ఐదు వేలు దాటింది. జనసాంద్రత పాస్. పనిచేసే మగవాళ్లలో నాలుగింట మూడొంతులు కాదు, అయిదింట నాలుగొంతులు సేద్యం కాని పనుల్లో ఉన్నారు. ఒక్క క్రేన్ ఆపరేటర్లే నూట పద్దెనిమిది మంది. పెద్ద పట్టణాల్లో కూడా అంతమంది దొరకరు. ఏదైనా తేడా ఉందేమోనని నాకూ ఒక క్షణం అనిపించింది. అందుకే రెండో సాక్ష్యం కోసం ఉపగ్రహ చిత్రం తీశాను.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పక తప్పదు. ఏది కట్టడమో ఏది పొలమో గుర్తుపట్టడం సాఫ్ట్‌వేర్‌కు పుట్టుకతో రాదు, కొన్ని నమూనాలు చూపించి నేర్పాలి. నేను సిరిసిల్ల వాణ్ణి. మా వాడలో మరమగ్గాల షెడ్లు వరుసగా ఉంటాయి, చాలావాటికి నీలం రంగు రేకులు. పట్టణం ఎలా ఉంటుందో చూపడానికి నాకు బాగా తెలిసిన చోటే మంచిదని మా వాడనే నమూనాగా ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ బుద్ధిగా నేర్చుకుంది: నీలంగా, దీర్ఘచతురస్రంగా, వరుసగా ఉంటే అది పట్టణం.

ఆ ఊరి చిత్రం మే నెల మొదటి వారంలో తీసింది. ఊరి బయట, కొనుగోలు కేంద్రం చుట్టూ, రోడ్డు పొడవునా నీలంగా, దీర్ఘచతురస్రంగా, వరుసగా ఎన్నో కనిపించాయి. సాఫ్ట్‌వేర్ అవన్నీ షెడ్లని తేల్చి, పొలాల మధ్య ఒక పారిశ్రామిక ప్రాంతాన్ని గుర్తించింది. నాకున్న సందేహం పోయింది. ఇంత పరిశ్రమ ఉంటే క్రేన్ ఆపరేటర్లు ఉండరా? ఒక తప్పుకు ఇంకో తప్పు సాక్ష్యం చెప్పింది, ఆ సాక్ష్యాన్ని నేను సంతకం పెట్టి తీసుకున్నాను.

సారు నివేదిక చూసి సంతోషించారు. పేరు జాబితాలోకి ఎక్కింది. ఆ కబురు ఎలా పాకిందో గానీ మూడో రోజు ఆ ఊరి ప్లాట్ల వ్యాపారి ఒకాయన బుట్టెడు మామిడిపండ్లతో ఆఫీసు మెట్లెక్కాడు. ఊరి పక్క నాలుగెకరాల మక్కచేనులో ఆయన అప్పటికే హద్దురాళ్లు పాతించాడు. ఊరు పట్టణమైతే ఆ రాళ్లకు అర్థం వస్తుంది. నా చేయి పట్టుకుని, నీ చేతిలో సరస్వతి ఉంది తమ్మీ అన్నాడు. మామిడిపండ్లు బాగున్నాయి. నేను ఆరు తిన్నాను. రాస్తున్నది నిజమే కాబట్టి ఆ సంఖ్య కూడా రాస్తున్నాను.

తర్వాత మెట్టు గ్రామసభ. నివేదికను ఊరి ముందు చదివి, అభ్యంతరాలుంటే రాసుకోవాలి. జిల్లా నుంచి ఒక అధికారి వస్తారు. ఎండలో ప్రొజెక్టర్ కనిపించదని పటాన్ని ఫ్లెక్సీ మీద అచ్చు వేయించాను. పట్టణం పసుపు, పొలం ఆకుపచ్చ. ఫ్లెక్సీ దుకాణంవాడు మూలన ఎవరి ఫొటో పెట్టాలని మూడుసార్లు అడిగాడు. ఎవరిదీ వద్దంటే, ఫొటో లేని ఫ్లెక్సీ తన సర్వీసులో మొదటిదని బాధపడ్డాడు.

సభ శుక్రవారం, పొద్దున పదిన్నరకు, బడి ఆవరణలో షామియానా కింద. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆ వారమే సారు సంతకానికి వచ్చి ఆయన సంచిలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసన్నది ఆయనకూ తెలుసు. ముందు వరుస కుర్చీల్లో ప్లాట్ల వ్యాపారి, ఆయన మనుషులు ఓ పది మంది. వెనక చాపల మీద ఆడవాళ్లు, వందల్లో. మగవాళ్లెవరని చూస్తే ముసలివాళ్లు, ఆటో డ్రైవర్లు, టెంట్ హౌస్ ఆయన. అప్పుడు కూడా నాకు వెలగలేదు. మగవాళ్లంతా పనికి వెళ్లి ఉంటారనుకున్నాను. ఒక విధంగా అది నిజమే.

నేను పటం ముందు నిలబడి వివరించడం మొదలుపెట్టాను. పసుపు రంగు చూపించి, ఇది మీ ఊళ్లో పెరిగిన పారిశ్రామిక ప్రాంతం అన్నాను. చాపల మీద ఒక ముసలాయన లేచి దగ్గరికొచ్చి, ఫ్లెక్సీకి ముక్కు ఆనించి చూశాడు.

“కొడుకా, గిది షెడ్డు గాదు. నా వడ్లు. ఆన కొడ్తదని మీద నీలం కవరు గప్పిన.”

ఎక్కడున్నాయవి అని అధికారి అడిగారు.

“మిల్లుకు వొయినయి సార్. పదిహేను దినాలాయె.”

అంటే నా పారిశ్రామిక ప్రాంతం లారీ ఎక్కి మిల్లుకు వెళ్లిపోయింది. ముసలాయన పక్కనున్నవి కూడా వరుసగా ఎవరెవరి వడ్లో చెప్పడం మొదలుపెట్టాడు. చాలామంది లేచి తమ కుప్పలు వెతుక్కోవడానికి వచ్చారు. ఒకామె తన కుప్పను పక్కింటివాళ్ల దానికంటే చిన్నగా చూపించానని నాతో గొడవ పెట్టుకుంది. సారు మైకు తీసుకుని, పటంలో చిన్నచిన్న తేడాలు సహజమని, అసలు ఆధారం ఇంటింటి సర్వే అని చెప్పి, వృత్తుల పట్టిక చదవమని నన్ను మోచేత్తో పొడిచారు.

నేను చదివాను. నిర్మాణ రంగం ఇంతమంది. రవాణా ఇంతమంది. క్రేన్ ఆపరేటర్లు నూట పద్దెనిమిది.

చాపల మీద గుసగుస మొదలై నవ్వుగా మారింది. మేట్ అక్క లేచి నిలబడింది. నవ్వడం లేదు.

“నూటా పద్దెనిమిది మంది క్రేను నడిపేటోళ్లున్నరని రాసిండ్రు. మంచిదే సారూ. గా క్రేన్లు యాడున్నయో జర సూపియ్యుండ్రి. మా కాలువల పూడిక గవాటితోనే తీపిస్తం.”

అధికారి నా వైపు చూశారు. నేను సారు వైపు చూశాను. సారు ఫ్లెక్సీ వైపు చూశారు. ఇంతలో అక్క వెనక్కి తిరిగి, క్రేనోళ్ల ఇండ్లోళ్లు చెయ్యి లేపుండ్రి అంది. చేతులు లేచాయి, చేతికో ఫోనుతో. శుక్రవారం కదా, సౌదీలో సెలవు. నిమిషంలో నలభై యాభై తెరలు వెలిగాయి. బనియన్లతో బంకు మంచాల మీద కూర్చున్నవాళ్లు, చపాతీలు చేస్తున్నవాళ్లు, సెలవు దొరక్క పసుపు హెల్మెట్ పెట్టుకుని ఎండలో నిలబడినవాళ్లు. అందరూ ఒకేసారి, ఏమైంది, ఎవరికేమైంది అని అడుగుతున్నారు. ఒకతను ఆవలిస్తుండగా నెట్‌వర్క్ ఆగిపోయింది. సభ అయ్యేదాకా వాళ్లావిడ ఆ తెరిచిన నోటినే పైకెత్తి పట్టుకుంది.

ముందున్న ఒకామె తన ఫోను అధికారి ముఖం ముందు పెట్టింది. అందులోని మనిషి నమస్తే పెట్టి, తాను సౌదీలోని జుబైల్‌లో ఉన్నానని చెప్పాడు.

“సార్, మా ఊరు టౌనైతే మా ఇంటిదానికి కరువు పని వోతదట. నిజమేనా? నాకు నాలుగు నెలల సంది డ్యూటీ సక్కగ దొరుకుతలేదు.”

షామియానా కింద నవ్వు ఆగింది. అధికారి ఫోను పక్కకు జరిపారు. నన్ను అడిగారు: ఈ మగవాళ్లు ఊళ్లో ఉన్నారో బయట ఉన్నారో మీ సర్వేలో ఉందా?

సారు నా చెవి దగ్గరికి వంగి, ఉందను, ఆఫీసుకు వొయి సూసుకుందాం అన్నారు. ఆయన సంచి ఆయన ఒళ్లోనే ఉంది. ఒకటి, ఉందని చెప్పొచ్చు. రెండు, పై ఆఫీసు ఫారంలో ఉందని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. మూడు, నెట్‌వర్క్ లేదు, తర్వాత చూసి చెబుతానని అనొచ్చు, ఆ తెరిచిన నోరే సాక్ష్యం. మూడూ బాగానే ఉన్నాయి. కానీ అక్క ఇంకా నిలబడే ఉంది. ఆమె వెనక వందల మంది రెండు నెలల పని నేను తీసేసిన ఒక గడి మీద ఆగి ఉంది.

ఆ గడి ఉండేదని, ఫారం పొట్టిగా ఉండాలని నేనే తీసేశానని, పట్టికలోని మగవాళ్లలో ఎంతమంది ఊళ్లో ఉన్నారో నాకు తెలియదని మైకులోనే చెప్పాను. పటం గీసింది మా సిరిసిల్ల మగ్గాల షెడ్లను చూసి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ అని కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు. ఒకసారి ఒప్పుకోవడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. ఆరు మామిడిపండ్ల దాకా వచ్చేవాణ్ణే. సారు మైకు లాక్కున్నారు.

పది రోజుల్లో మళ్లీ లెక్కించి తెమ్మని అధికారి రాసిచ్చి వెళ్లారు. సారుకు జీవితంలో అన్నిటికంటే ఇష్టం లేని పనిని నేను తెచ్చిపెట్టాను. కోరుట్ల బస్టాండు దగ్గర టీ తాగడానికి జీపు దిగినప్పుడు, గడి తీసేసింది నువ్వే గానీ భలేగున్నదన్నది నేనే కద అన్నారు. నన్ను తిట్టడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి అది అనుకుంటాను. నేను ఇంకా ఎక్కువ బాధపడ్డాను.

రెండోసారి ఫారం మూడు తెరలు పట్టింది. ఈసారి తలుపు తీసినవాళ్లను, ముందు నిన్న మీరేం పని చేశారని అడిగాను. అప్పుడు గానీ ఆ ఊరు నాకు కనిపించలేదు. తెల్లవారకముందే మోటరు వేసేది వాళ్లు. నాటు, కలుపు, మందు, కోత మిషనుకు ఫోన్లు, పసుపు ఉడకబెట్టడం, వడ్ల సెంటర్‌లో వరుస కోసం తిరగడం, అన్నీ వాళ్లే. పుస్తకాల్లో పొలం దగ్గరి నుంచి జనం కదిలి పక్కనే పట్టణం కడతారు. ఈ ఊరి మగవాళ్లు కట్టిన పట్టణాలు సముద్రం అవతల ఉన్నాయి. ఆ పట్టణాలకు శివారు ఈ ఊరు. మధ్యలో సముద్రం ఉండటం వల్ల నా పటంలో ఆ సంగతి పడలేదు.

ఇక పరీక్షలు. ఊళ్లో లేని మగవాళ్లను తీసేశాక పాత మూడో పరీక్షను మళ్లీ చేశాను. మిగిలిన మగవాళ్లు ఆటోలు, సెంట్రింగ్, కిరాణం, టెంట్ హౌస్. నిజంగా సేద్యం చేసే ముసలివాళ్లను అడిగితే, ఏం పని జేస్తలేను కొడుకా, ఊకెనే ఉంటున్న అని భుజం మీద పార పెట్టుకుని చెప్పి వెళ్లిపోయారు. పని చేయనివాళ్లు లెక్కలోకి రారు. ఊరు మళ్లీ పాసైంది, వెంట్రుకవాసిలో. నిబంధనలో ఉన్నది పనిచేసే ‘మగవాళ్లు’. సేద్యమంతా చేస్తున్న ఆడవాళ్లను ఆ పరీక్ష చూడనే చూడదు.

ఇంత చేసీ ఊరు పట్టణంగానే తేలుతోంది. చివరికి జనాభా లెక్క కూడి చూశాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు పోగా ఐదు వేలకు నూట నలభై మంది తక్కువ. రెండుసార్లు కూడాను, మూడోసారి సారు కూడారు. నూట నలభై తక్కువే. ఒక్క పరీక్ష తప్పితే చాలు. ఊరు ఊరే.

ప్లాట్ల వ్యాపారి పరుగున వచ్చాడు. ఈసారి బుట్ట లేదు. పెండ్లిళ్ల సీజన్ల లెక్క పెట్టుండ్రి సార్, ఏడువేలు దాటుతరు అని బతిమాలాడు. సారు ఆయనకు అల్లం టీ ఇప్పించి పంపారు.

కొత్త లెక్కకు ఊరి తరఫున సాక్షిగా మేట్ అక్క సంతకం కావాలి. సోమవారం పొద్దున ఏడింటికి వెళ్లాను. ఊరికి ఉత్తరాన కాలువలో పూడిక తీస్తున్నారు, వరుసగా తట్టలు సాగుతున్నాయి. ఊరు జాబితా నుంచి పోయిందని, పని ఆగదని ముందుగా చెప్పాను. ఆమె పార పక్కన పెట్టి కాగితం మొత్తం చదివింది. నా కాగితం పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆమే.

“అంటే మొగోళ్లు ఊళ్లె లేరు కావట్టి ఇది ఊరన్నట్టు.”

అవునన్నాను.

“మరి ఎవుసం జేసేది మేము గద తమ్మీ. మమ్ముల రాయలేదా?”

రాశాను అక్కా అని వేరే పట్టిక తీసి చూపించాను. ఇంటింటికీ, మనిషి మనిషికీ ఉంది. కానీ పరీక్షలో ఆ వరుసను ఎవరూ కూడరని చెప్పాను.

“కూడనిదానికి రాసుడెందుకు?”

ఆ పట్టికను నివేదికలో కలపమని సారును అడుగుతానన్నాను. అడిగాను కూడా. ఆయన ఒక్క మాటా మార్చకుండా చివరి అనుబంధంగా పెట్టారు. ఎవరైనా చదివారో లేదో తెలియదు. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. పొడిగించకపోవడానికి కారణం అన్న గడిలో పై ఆఫీసువాళ్లు ఏదో రాసే ఉంటారు.

అక్క సంతకం పెట్టి కాగితం ఇచ్చి, ఫోను తీసింది. హాజరుకు ఫొటో తీయాలి. వచ్చినవాళ్లంతా అందులో పడాలి, అందులో ఎన్ని తలలుంటే హాజరు అంకె అంతే ఉండాలి. ఆడవాళ్లు తట్టలు దించి కాలువ గట్టు మీద దగ్గరగా నిలబడ్డారు. ఒకామె కొంగు సర్దుకుంది, ఇంకొకామె వెనకున్న పొట్టిమనిషిని ముందుకు లాగింది. అక్క ఫోను ఎత్తి, దించి, నా వైపు చూసింది.

“జర పక్కకు జరుగు తమ్మీ. నువ్వు గూడ పడుతున్నవ్. లెక్క తప్పుతది.”

రెండడుగులు పక్కకు జరిగాను. సరిపోలేదని చెయ్యి ఊపింది. ఇంకో అడుగు జరిగాను. ఆ ఊరి లెక్క సరిగ్గా రావడానికి నేను చేసిన పనుల్లో ఎక్కడా తప్పు లేనిది ఆ ఒక్కటే.